ఇంగువలో ఆగమం

సీలియాక్ వ్యాధి అని తేలిన నాటినుండి గ్లూటెన్ ఉన్న గోధుమను విడిచాను. ఉప్మా పోయింది, బియ్యపురవ్వ ఉప్పిండి మిగిలింది, అదృష్టం. 8 నెలలైనా కడుపుబ్బరం వీడలేదు. వంటింటి డబ్బాల మీది రాతలన్నీ చదవమన్నారు వైద్యులు. జీవితమంతా పద్యాలకు ప్రతిపదార్థం చెప్పినవాడిని, ఇంగువ డబ్బాకు చెప్పవలసి వచ్చింది: గోధుమపిండి, తుమ్మబంక, ఆ తర్వాత ఇంగువ! ఉన్న అక్షరాన్ని తొలగించక పక్కన చేరుతుంది గనుక ఆగమం మిత్రుని వంటిదంటారు వైయాకరణులు. పులిహోరలో చేరిన ఈ ఆగమం అట్టిది కాదు.

వరిపిండి కలిపిన ఇంగువ దొరికింది. ఉబ్బరం తగ్గింది, పోలేదు. చిన్నప్రేవు లోపలి నూగు మళ్ళీ మొలవడానికి పెద్దవయసులో ఏళ్ళు పట్టవచ్చునట. అందాకా పాలలోని చక్కెర సరిగా అరగకపోవచ్చు. పాలు మానాను. పెరుగన్నం, కొద్దిగా, సాగుతున్నది.