ఐదో నంబరు గది కుర్రాడు

నేల టిక్కెట్టు కొనుక్కుని, ఎలాగో బాల్కనీలోకి జొరబడి కూర్చున్నవాడి అవస్థ మీకు తెలుసా? తెరమీద ఎంత గొప్ప బొమ్మ ఆడుతున్నా వాడికి ఎక్కదు. ప్రాణమంతా వెనకనించి వచ్చే టార్చిలైటు మీదే! "ఏదీ, టిక్కెట్టు చూపించు" అంటారేమోనని ఒకటే దడ. సరే, వాడి దడకి అర్థం ఉంది. చిత్రమేమిటంటే, జేబులో నిఖార్సయిన బాల్కనీ టిక్కెట్టే పెట్టుకుని అచ్చం అలాగే దడపడేవాళ్లు ఈ లోకంలో కోకొల్లలు!

దీనికో పేరు కూడా ఉందండోయ్. 1978లో పాలిన్ రోజ్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వ్యాసం ప్రకటించారు. చదువుల్లో, ఉద్యోగాల్లో పైకొచ్చిన ఆడవాళ్లు కూడా "ఇదంతా నా ప్రజ్ఞ కాదు, ఏదో నెట్టుకొస్తున్నాను, ఎప్పుడో ఒకనాడు నా గుట్టు బయటపడుతుంది" అని లోలోపల బెంగపడుతున్నారని వాళ్లు గమనించారు. ఈ బెంగ మగవాళ్లకీ తప్పదని తర్వాత తేలింది. ఇవాళ అందరూ 'ఇంపోస్టర్ సిండ్రోమ్' అంటున్నది దీన్నే.

నాకూ ఈ దడ బాగా పరిచయం. చదివింది బి.ఏ. ఏ పత్రికలోనూ ఉద్యోగిని కాను. నాలుగైదు పత్రికలకి సినిమా సంగతులు రాసి బతుకుతుంటాను. వయసు ముప్పై దాటింది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడల్లా ఒకటే వరస.

"అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?"

"పత్రికలకి రాస్తుంటాడండీ."

"అది సరేలెండి... ఉద్యోగం?"

అంతే, మా అమ్మ మంచినీళ్ల వంకతో లోపలికి వెళ్లిపోతుంది! వాళ్లననేముంది, ప్రివ్యూ హాల్లో సీనియర్ల పక్కన కూర్చుంటే నాకే అనుమానం. వాళ్లు షాటు చూసి లెన్సు చెబుతారు, పల్లవి వినగానే రాగం చెబుతారు. "వీళ్ల మధ్య నువ్వెవడివోయ్?" అని నా లోపల్నించి ఒకడు అడుగుతూనే ఉంటాడు.

అలాంటి రోజుల్లో ఒక స్నేహితుడు నా చేతిలో జపాను బొమ్మల కథ ఒకటి పెట్టాడు. వీటిని 'మాంగా' అంటారు. ఉర్దూ పుస్తకంలా కుడినించి ఎడమకి చదవాలి. పేరు 'మెజోన్ ఇక్కోకు'. రాసి, బొమ్మలు వేసినావిడ రుమికో తకహాషి. 1980 నుంచి 1987 దాకా 'బిగ్ కామిక్ స్పిరిట్స్' అనే పత్రికలో ధారావాహికగా వచ్చి, 15 సంపుటాలయింది. 1986లో సినిమాగా వచ్చింది. అదే ఏడు టీవీలో మొదలైన బొమ్మల సీరియల్ 96 భాగాలు నడిచింది. ప్రేమకథే, కడుపుబ్బ నవ్వించే కథే. కానీ నవ్వుతూ నవ్వుతూ ఉండగానే, నా సంగతి ఈవిడకెవరు చెప్పారబ్బా అనిపించింది!

టోక్యోలో ఒక పాత చెక్క ఇల్లు. పైన ఆగిపోయిన గడియారం. అందులో ఐదో నంబరు గదిలో అద్దెకుంటాడు మన కథానాయకుడు గొదాయ్. యూనివర్సిటీ ప్రవేశపరీక్ష తప్పాడు. మళ్లీ చదువుదామంటే మిగతా గదుల మహానుభావులు సీసాలు పట్టుకుని వీడి గదిలోనే కచేరీ పెడతారు. పక్కగది యోత్సుయా గారైతే గోడకి కన్నం పెట్టి మరీ వేంచేస్తాడు! ఇక లాభంలేదని గొదాయ్ మూటాముల్లె సర్దుకుంటున్న వేళ, ఆ ఇంటికి కొత్త మేనేజరుగా క్యోకో వస్తుంది. ఇంకేముంది, మూట విప్పేశాడు!

క్యోకో పెళ్లయిన ఆర్నెల్లకే భర్తను పోగొట్టుకున్న పడుచుపిల్ల. పెంచుకునే కుక్కనీ ఆ భర్త పేరుతోనే, 'సోయిచిరో' అనే పిలుస్తుంది. ఇక గొదాయ్ పోటీ ఎవరితోనో చూడండి. ఒకవైపు మితాకా అనే టెన్నిస్ కోచ్: డబ్బు, కారు, నవ్వితే తళుక్కుమనే పళ్లు. మరోవైపు చనిపోయిన మనిషి! బతికున్నవాడినైతే ఏదో ఒకనాటికి గెలవొచ్చు. పోయినవాడిని గెలిచేదెలా? పోయినవాడు ఇక ఏ పొరపాటూ చెయ్యడు కదా!

పైగా గొదాయ్ బతుకంతా గతుకులే. ఎలాగో ఓ మామూలు కాలేజీలో సీటు దొరికింది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికితే, చేరేలోపే ఆ కంపెనీ దివాలా తీసింది. చిన్నపిల్లల బడిలో తాత్కాలికంగా కుదిరితే అదీ పోయింది. చివరికి ఒక క్యాబరే క్లబ్బులో పడ్డాడు. అక్కడ పనిచేసే ఆడవాళ్ల పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని. ఈ సంగతి క్యోకోకి చెప్పడానికి నోరు రాదు. ఆమె ఎదుట నిలబడే అర్హత నాకెక్కడిదని కుంగిపోతాడు.

మన సినిమాల్లో అయితే ఒక్క పాట అయ్యేసరికి హీరో కోటీశ్వరుడైపోతాడు. తకహాషి గారు అలా కరుణించలేదు. పాఠకులకి ఏడేళ్లు గడిస్తే గొదాయ్‌కీ ఏడేళ్లే గడిచాయి. క్లబ్బులో పసివాళ్ల ముక్కులు తుడుస్తూనే చదివాడు, పిల్లల బడి ఉపాధ్యాయుడిగా అర్హత సంపాదించాడు, ఒకప్పుడు తాత్కాలికంగా చేసిన బడిలోనే ఉద్యోగంలో చేరాడు. అసలు ఉద్యోగం దొరికేదాకా ఏదో కాలక్షేపం అనుకున్న పనే వాడి అసలు పని! 1981లో వచ్చిన 'ఆకలి రాజ్యం'లో కమల్‌హాసన్ చివరికి క్షౌరవృత్తిలో తలెత్తుకు నిలబడ్డాడు, గుర్తుందా? ఇదీ ఆ కోవలోదే.

ఆ సంపుటాలు తిరగేసి నేనొకటి వెతికాను. గొదాయ్ ఏ పేజీలో అర్హుడయ్యాడు? వేలు పెట్టి చూపించడానికి అలాంటి పేజీ లేదు! రోజూ లేచి పనికి వెళ్లిన పేజీలే ఉన్నాయి.

ఆ మధ్య ఒక పత్రిక నన్ను పాత థియేటర్ల ఆపరేటర్ల మీద పెద్ద వ్యాసం రాయమంది. యంత్రాల సంగతి ఏమీ తెలియనివాణ్ణి, వదిలేద్దామనుకున్నాను. ఐదో నంబరు గది గుర్తొచ్చి బయల్దేరాను. నలభై ఏళ్లు ప్రొజెక్టర్ దగ్గర నిలబడ్డ పెద్దాయన ఒకాయన దొరికారు. ఆయన చుట్టూ ఎనిమిదిసార్లు తిరిగాను. రెండు కార్బన్ కడ్డీల మధ్య వెలుగు ఎలా పుడుతుందో చెప్పారు. 2000 అడుగుల రీలు 22 నిమిషాల్లో అయిపోతుంది. ఈలోగా రెండో ప్రొజెక్టర్ సిద్ధంగా ఉండాలి. తెరకి కుడివైపు పైమూలన చుక్క మెరవగానే మార్చెయ్యాలి. క్షణం తప్పిందా, హాలంతా ఈలలే!

"మొదట్లో భయపడేవారా మాస్టారూ?" అన్నాను.

"మొదట్లో ఏమిటి బాబూ, ఆఖరి ఆట దాకా భయమే. భయపడుతూనే మార్చేవాణ్ణి" అన్నారాయన నవ్వుతూ.

వ్యాసం అచ్చయింది. నా దడ పోయిందా అంటే, పోలేదు. కానీ దడ ఉన్నంత మాత్రాన నేను దొంగనని కాదని తెలిసింది.

పెళ్లికి ముందు గొదాయ్ సోయిచిరో సమాధి దగ్గరికి వెళతాడు. ఆమె మనసులో మీరున్నారు, మీతో సహా ఆమెని నా ఇంటికి తీసుకెళతాను అన్నట్టు మాట్లాడతాడు. చూశారా, పోటీదారుణ్ణి తరిమెయ్యలేదు, కలుపుకుపోయాడు! "నువ్వెవడివోయ్" అని అడిగే నా లోపలివాణ్ణి కూడా ఇప్పుడు ప్రివ్యూకి వెంటబెట్టుకునే వెళుతున్నాను. వాడు అడుగుతుంటాడు, నేను రాసుకుంటుంటాను.

కొత్త కాలేజీలోనో, కొత్త కొలువులోనో, మొదటి స్టేజి మీదో "నేనిక్కడ ఉండదగినవాణ్ణేనా" అని బిక్కుబిక్కుమంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ ప్రశ్నకి జవాబు ఈ రాత్రే దొరకాలని పట్టుపట్టకండి. గొదాయ్‌కే ఏడేళ్లు పట్టింది. మీరు మాత్రం రేపు పొద్దున్న వేళకి వెళ్లండి, అంతే!