మా పాత స్కూటరు



ఆర్మూరులో మా ఇంటి ముందు నిలిచి ఉండే పాత స్కూటరును ఎరుగని విశ్వాసి ఈ చుట్టుపక్కల లేడు. అది విజయ్ సూపర్. మా నాన్నగారు 1983లో కొన్నారు. ఆయన కూడా బోధకుడే. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత ఆ బండి మాకు వచ్చింది. పెర్కిట్, అంకాపూర్, వేల్పూర్, నందిపేట దారులన్నీ దాని మీదనే తిరుగుతూ వచ్చాము. ఏదో పండుగకు బయటికి తీసే ముచ్చటైన బండి కాదు, ప్రతి దినమూ పని చేయవలసిన బండి.

గడచిన క్రిస్మసుకు దుబాయి నుండి సెలవు మీద వచ్చిన మా సంఘపు యౌవనస్థుడొకడు తన ఫోనులో ఒక కారు బొమ్మ చూపించాడు. నేలను ఆనుకొని పోయే ఇటలీ కారు, పేరు లంబోర్గిని. దాని ఇంజను ముందు ఉండదు. సీట్ల వెనుక, బండి నడుమ ఉంటుంది. 1966లోనే ఆ కంపెనీ మియురా అనే కారును అలా చేసిందట. "అయ్యగారూ, మీది గూడ ఇటలీ బండే, ఇంజను నడుమనే ఉంటది" అని నవ్వాడు. నవ్వులాటకు అన్నాడు గాని మాట నిజమే. (ఆ లంబోర్గిని అనే ఆయన కార్లకంటె ముందు ట్రాక్టర్లు చేసినవాడు. మన రైతులకు ఈ సంగతి నచ్చుతుంది.)

విజయ్ సూపర్‌కు మూలము లంబ్రెట్టా. మిలాను పట్టణములో లంబ్రాటే అనే పేట ఉంది. అక్కడ ఇన్నొచెంటి అనే ఆయన ఇనుప గొట్టాల ఫ్యాక్టరీ నడిపేవాడు. ఆ పేరుకు ఇటలీ భాషలో నిర్దోషులు అని అర్థము. రెండవ ప్రపంచ యుద్ధములో బాంబులు పడి ఫ్యాక్టరీ పాడైపోయింది. యుద్ధము ముగిసిన తరువాత, 1947లో, అక్కడే గొట్టాల చట్రము మీద ఇంజను బిగించి, కారు కొనలేని వారి కోసం ఈ స్కూటరును చేశారు. వెస్పాకూ, పాత బజాజ్ స్కూటర్లకూ ఇంజను కుడి ప్రక్కన వ్రేలాడుతుంది. దీనికి మాత్రం సరిగా నడుమ. ఆ యంత్రాలన్నిటిని మన ప్రభుత్వము కొని లక్నోలో 1972లో కంపెనీ స్థాపించింది. 1975 నుండి బండ్లు వచ్చాయి. 1997లో స్కూటర్ల తయారీ ఆగిపోయింది. 2021లో ఆ కంపెనీనే మూసివేయడానికి కేంద్రము నిర్ణయించింది. కాబట్టి మా బండికి పుట్టిల్లు లేదు.

పుట్టిల్లు లేని బండిని ప్రతి దినము నడపడమంటే ఏమిటో చెప్తాము. ఉదయము లేవగానే పెట్రోలు ట్యాపు తిప్పి, చోక్ లాగి, నాలుగైదు కిక్కులు కొట్టాలి. పెట్రోలులో ఆయిలు మనమే కొలిచి కలపాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతము ఇథనాలు ఉంటుంది గనుక పాత రబ్బరు పైపులు తొందరగా పాడవుతాయి. ఏ చిన్న సామాను కావలసినా నిజామాబాదు పాత సామాన్ల దుకాణాలలో వెదకాలి. బస్టాండు వెనుక ఒక ముసలి మెకానిక్ భాయ్ ఉన్నాడు. ఆయన ఇంజను విప్పకముందే శబ్దము విని రోగము చెప్తాడు.

అయినా అది చేసిన పరిచర్య తక్కువది కాదు. మా నాన్నగారు దీని మీద ఎందరో రోగులను డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రికి తీసుకొని పోయారు. డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. బస్సులో ప్రక్కన కూర్చోనివ్వని వారిని మా నాన్నగారు వెనుక కూర్చోబెట్టుకొని, నడుము పట్టుకొమ్మనేవారు. మేము చిన్నతనములో అది చూశాము. ఆ బండిని అమ్మలేకపోవడానికి మొదటి కారణము అదే.

రెండవ కారణము అంత మంచిది కాదు. రెండేండ్ల క్రితము పసుపుకు మంచి ధర పలికింది. కోత పండుగ కానుకలతో అయ్యగారికి కొత్త మోటారు సైకిలు కొనిద్దామని సంఘ పెద్దలు తీర్మానించారు. మేము వద్దన్నాము. ఉన్నది చాలు, ఆ డబ్బు విధవరాండ్రకు ఇవ్వండి అన్నాము. అందరూ మెచ్చుకొన్నారు. ప్రక్క సంఘాలలో కూడా చెప్పుకొన్నారు. ఆ మెప్పు చెవికి ఎంత తియ్యగా ఉన్నదో మాకే తెలుసు. దారిలో బండి ఆగినప్పుడెల్లా దానిని ప్రసంగములో చెప్పేవారము. బిలాము గాడిద ఊరకనే ఆగలేదు, మా స్కూటరు కూడా ఊరకనే ఆగదు, అది ఆగిన చోట దేవుడు మాకు ఒక మనిషిని చూపిస్తాడు అనేవారము. సంఘము నవ్వేది. మేమూ నవ్వేవారము.

ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు అరిగిపోయాయని, వెంటనే మార్చాలని భాయ్ రెండు నెలలుగా చెప్తున్నాడు. రెండు వందల రూపాయల పని. "ఎన్నిసార్లు గీకుతరు సాబ్?" అనేవాడు. ఆగిన చోటనే ఎమరీ కాగితముతో పాయింట్లు గీకి బండి నడిపించుకోగలమని మాకు ఒక గొప్ప.

ఆ తరువాతి ఫిబ్రవరిలో ఒక రాత్రి తొమ్మిది గంటలకు ఫోను వచ్చింది. నందిపేట దారిలోని ఒక పల్లెలో పెద్దాయన ఒకరు చివరి గడియలలో ఉన్నారు. జీవితమంతా ఇతరుల పొలాలలో పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబోసిన మనిషి. ప్రభువు బల్ల తీసుకొంటానని, అయ్యగారిని పిలవమని అడిగారట. రొట్టె, ద్రాక్షరసము ఉన్న చిన్న పెట్టెను డిక్కీలో పెట్టుకొని బయలుదేరాము.

సగము దూరములో బండి ఆగింది. ఫోను వెలుతురులో పాయింట్లు గీకాము. కిక్కు కొట్టాము. మరల గీకాము. పొలాలలో పసుపు ఉడికే వాసన వస్తున్నది. పసుపు బస్తాల ట్రాక్టర్లు ఎదురుగా ఆర్మూరు వైపు పోతున్నాయి గాని, మేము పోవలసిన వైపు ఒక్క బండీ లేదు. ఆ ఇంటికి ఫోను చేసి ఎవరినైనా పంపమని అడగవచ్చును. ఇంకొక్క కిక్కుకు అందుకొంటుందనుకొంటూ నలువది నిమిషములు అక్కడే పోగొట్టాము. చివరికి ఒక పిల్లవాడు తన బైకు ఆపి ఎక్కించుకొన్నాడు.

మేము చేరే సరికి దీపము తలదగ్గర పెట్టి ఉన్నారు. ఆయన పోయి అరగంట అయిందన్నారు. ఆయన భార్య మా చేతిలోని పెట్టెను చూసి, "మీ బండి సప్పుడు కోసమే చెవులు పెట్టుకొని ఉన్నడు అయ్యగారూ. ఏ బండి పోయినా ఇది కాదు, ఇది కాదు అన్నడు" అని చెప్పింది. నింద వేయలేదు. జరిగినది చెప్పింది, అంతే.

మరునాడు సమాధి కార్యక్రమము చేశాము. ఆ ఆదివారము బల్ల ముందు నిలువబడి సంఘమునకు అంతా చెప్పాము. పాయింట్ల సంగతి, భాయ్ మాట, రెండు వందల రూపాయలు, మెప్పు కోసం వద్దన్న మోటారు సైకిలు. ఆ రాత్రి బండిని ఆపినది దేవుడు కాదు, మేమే అని చెప్పాము. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక పెద్ద లేచి, "మేము గూడ నవ్వినం గద అయ్యగారూ" అని కూర్చున్నాడు.

సంఘము వాడిన మోటారు సైకిలు ఒకటి కొని ఇచ్చింది. ఈసారి వద్దనలేదు. రాత్రి పిలుపులకూ దూరపు పల్లెలకూ అది. స్కూటరు పగటి పూట ఊరిలో తిరుగుతుంది. భాయ్ కొత్త పాయింట్లు వేశాడు. ఇంకొక జత డిక్కీలో ఉంచాము. ఎమరీ కాగితము పారవేశాము.

ప్రతి నెల మొదటి ఆదివారము సాయంత్రము ఆ అవ్వకు బల్ల తీసుకొని పోతాము. మొన్న మొదటిసారి మోటారు సైకిలు మీద వెళ్ళాము. తలుపు చాలాసేపు తీయలేదు. తీసి, మమ్మును చూసి, వీధిలోనికి తొంగి చూసి, "సప్పుడు రాలే గద, ఎవరో అనుకున్న" అన్నది.