గైడింగ్ ఆపి చూసిన రాత్రి

ఆ చలికాలం నా ఫొటోల్లో చుక్కలు గుండ్రంగా రావడం మానేశాయి. మూడు నిమిషాల ఎక్స్‌పోజర్ తీసి ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే ప్రతి నక్షత్రమూ కోలగా సాగి ఉండేది. కొన్ని ఫ్రేముల్లో ఒకే నక్షత్రం పక్కపక్కన రెండుగా కనబడేది. గొల్లకావడిలో తూర్పు చివరి చుక్క పక్కనే ఉండే గుర్రపుతల నెబ్యులా కోసం రాత్రుళ్లు జాగారం చేస్తున్న రోజులవి. నెబ్యులా అంచు మొత్తం అలుక్కుపోయినట్టు వచ్చేది.

మేం ఫొటోలు తీసే చోటు అచ్చంపేట దాటాక, నల్లమల మొదలయ్యే ముందు, ఒక స్నేహితుడి వేరుశనగ చేను. హైదరాబాద్ వెలుతురు అక్కడికి ఉత్తరాన ఆకాశం అంచుకే పరిమితం. చీకటి బాగుంటుంది కానీ ధ్రువనక్షత్రం దిక్చక్రం నుంచి పదహారు డిగ్రీల ఎత్తునే ఉంటుంది. కాస్త పొగమంచు పట్టినా, గట్టు మీద చెట్టు అడ్డొచ్చినా అంతే, కనబడదు. టెలిస్కోప్ మౌంట్ ఇరుసును దాని వైపు గురిపెడితేనే భూమి తిరుగుడికి సరిపడా ఎదురు తిరగగలం. పైగా అంత తక్కువ అక్షాంశంలో ఇరుసు దాదాపు పడుకుని ఉంటుంది. తూర్పున అప్పుడే లేచిన నక్షత్రం వైపు టెలిస్కోప్ తిప్పితే, బరువులు తగిలించిన రాడ్ నిట్టనిలువుగా దిగి స్టాండ్ ఉత్తరపు కాలికి తగులుతుంది. అందుకే మధ్యలో ఒక పొడుగు పైపు ముక్క బిగించి మౌంట్‌ను ఎత్తుతాం. యూరప్‌లోనో అమెరికాలోనో రాసిన పుస్తకాల్లో ఈ బాధల గురించి పెద్దగా ఉండదు.

గైడింగ్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. చంద్రబింబం వెడల్పు దాదాపు 1,800 ఆర్క్ సెకన్లు. నా కెమెరా, టెలిస్కోప్ లెక్కన ఒక్కో పిక్సెల్‌కు 1.4 ఆర్క్ సెకన్లు వస్తుంది, అంటే నక్షత్రం రెండు మూడు ఆర్క్ సెకన్లు కదిలినా ఫొటోలో తేలిపోతుంది. ఏ పళ్లచక్రమూ అంత నిక్కచ్చిగా మూడు నిమిషాలు తిరగదు. కాబట్టి పెద్ద టెలిస్కోప్ మీద ఒక చిన్న టెలిస్కోప్, దానికో చిన్న కెమెరా పెట్టి, ఒక నక్షత్రాన్ని పట్టుకుని కంప్యూటర్ రెండు మూడు సెకన్లకోసారి మౌంట్‌ను దిద్దుతుంది. ఆ దిద్దుబాటు తెర మీద రెండు గీతలుగా కనబడుతుంది. తూర్పు పడమరలది ఆర్‌ఏ గీత, ఉత్తర దక్షిణాలది డెక్ గీత.

నా ఆర్‌ఏ గీత ఓ మాదిరిగా ఉండేది. డెక్ గీత చాలాసేపు ఒకవైపు ఒరిగి, ఎన్ని ఆదేశాలు పంపినా కదలకుండా ఉండి, ఉన్నట్టుండి మధ్యగీత దాటి అవతలికి దూకేది. తర్వాత అటు నుంచి ఇటు అదే తంతు. సగటు తప్పు రెండున్నర ఆర్క్ సెకన్ల చుట్టూ తిరుగుతుండేది. తెలిసినవాళ్లందరూ ఒకటే మాట చెప్పారు, గైడింగ్ నడిపే పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులు మార్చమని. దూకుడు తగ్గించు, పెంచు, ఎక్స్‌పోజర్ మార్చు. అవన్నీ చేస్తే గీత ఆకారం మారేది, చుక్కలు మాత్రం కోలగానే ఉండేవి.

బాలానగర్‌లో ఓ చిన్న షెడ్‌లో జీవితమంతా లేత్ మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి మా నాన్నకు స్నేహితుడు. ఆయన్ని నేను కాక అని పిలుస్తాను. చుక్కలు చూడాలని ఉందంటే ఒక అమావాస్యకు తీసుకెళ్లాను. శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని ఆయన ఆకాశం కంటే ఎక్కువగా ఆ గీతనే చూశారు. చాలాసేపటికి అన్నారు:

“ముందుగాల గా దిద్దుడు బంద్ జెయ్ బిడ్డా. దిద్దేటోడు దిద్దుతుంటే తప్పు యాడున్నదో ఎట్ల ఎర్కైతది? మిషిన్ ఉట్టిగ ఎట్ల నడుస్తదో సూద్దాం.”

ఆ మాట ఆ రాత్రే కాదు, నేను టెలిస్కోప్‌ను చూసే తీరునే మార్చింది. గైడింగ్ నడుస్తున్నప్పుడు మనకు కనబడేది యంత్రం తప్పూ కంప్యూటర్ దిద్దుబాటూ కలగలిసిన గీత. అందులోంచి దేన్నీ విడదీసి చూడలేం. ఆదేశాలు ఆపి, నక్షత్రాన్ని దాని మానాన వదిలి కదలికను నమోదు చేయించాం. పీహెచ్‌డీ2లో గైడింగ్ అసిస్టెంట్ అనే సదుపాయం ఉన్నదే ఇందుకు.

తీరిగ్గా ఓ అల లేచి పడింది. నా మౌంట్‌లో ఇరుసును తిప్పే పళ్లచక్రానికి, అంటే వార్మ్ వీల్‌కు, 180 పళ్లు. దాన్ని ఒక్కో పన్ను చొప్పున జరిపే మరే వార్మ్. నక్షత్ర దినం 86,164 సెకన్లను 180తో భాగిస్తే దాదాపు 479 వస్తుంది. అంటే వార్మ్ ఎనిమిది నిమిషాలకో చుట్టు తిరుగుతుంది. ఆర్‌ఏ గీతలో అల కూడా సరిగ్గా ఎనిమిది నిమిషాలకే మళ్లీ మొదటికొచ్చింది. పైనుంచి కిందికి ఇరవై ఆర్క్ సెకన్ల దాకా ఉంది గానీ నునుపుగా, నెమ్మదిగా ఉంది. అంత నింపాదిగా వచ్చే తప్పును గైడింగ్ సునాయాసంగా దిద్దుతుంది. కాబట్టి దోషం ఆర్‌ఏలో లేదు.

డెక్ గీత అలలేమీ లేకుండా ఒకేవైపు తిన్నగా జారుతోంది. డెక్ మోటారు ట్రాకింగ్‌లో తిరగదు కాబట్టి ఆ జారుడు ఇరుసు గురి తప్పడం వల్ల వచ్చేదే. ఇరుసు ధ్రువానికి 5 ఆర్క్ నిమిషాలు పక్కకుంటే నక్షత్రం నిమిషానికి ఆర్క్ సెకనుకు కొంచెం పైగా జారొచ్చు. మా జారుడు అంతకన్నా తక్కువే. అలాంటి చిన్న జారుడు గీతను అలా గెంతించలేదు. గెంతడం ఆదేశం దిశ మారినప్పుడే వస్తోంది.

కాక లేచి టెలిస్కోప్ కొసను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఆడించారు. క్లచ్ బిగించే ఉంది. అయినా లోపల ఎక్కడో టక్‌మని చిన్న చప్పుడు. నన్నూ పట్టుకుని చూడమన్నారు. వెంట్రుకవాసి కదలిక, కానీ వేళ్లకు స్పష్టంగా తెలిసింది.

“ప్లే ఉన్నది. లేత్‌ల క్రాస్ స్లైడ్ హ్యాండిల్ ఎన్కకు తిప్పితె టూల్ జరుగనీకె జరంత టైమ్ పడ్తది సూడు, గట్లనే. గిది కంప్యూటర్ పంచాయితీ గాదు.”

ఆ రాత్రి వృథా పోకుండా ఒక పాత చిట్కా వాడాం. నక్షత్రం ఎటు జారుతోందో తెలుసు కాబట్టి డెక్ ఆదేశాలను దానికి ఎదురు దిశలో మాత్రమే వెళ్లనిచ్చి, రెండోవైపు పూర్తిగా ఆపేశాం. అప్పుడు పళ్లు ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుని ఉంటాయి, ఖాళీ దాటాల్సిన పని రాదు. గెంతులు ఆగిపోయాయి.

డెక్ వార్మ్‌ను సర్దే పని పగలు చేశాం. చేనులో వేపచెట్టు కింద మంచం మీద పాత దుప్పటి పరిచి మౌంట్‌ను పడుకోబెట్టాం. స్క్రూలు ముట్టే ముందు కాక వార్మ్ దిమ్మ అంచు వెంట సన్నటి పెన్సిల్ గీత గీశారు, ఏ మాత్రం జరిగినా తెలియడానికి. గ్రబ్ స్క్రూను ఎలెన్ కీతో వీసమెత్తు తిప్పడం, ఇరుసును ఆడించి చూడడం, దిమ్మ కలిసే చోట గోరు ఆనించి కదలిక పట్టుకోవడం. గ్రీజు నల్లబడి అంచుల్లో గట్టిపడి ఉంది, దాన్ని గుడ్డతో తుడిచి కొత్తది రాశారు. నేను పూర్తిగా బిగించేద్దామా అంటే చెయ్యి పట్టుకున్నారు.

“పూరాగ టైట్ జేస్తే పట్టేస్తది. ఇప్పుడు ఎండల ఉన్నది, రాత్రి సల్లబడ్డంక లోహం గుంజుకుంటది. జరంత వదులు ఉండాలె.”

తర్వాత చక్రాన్ని మోటారుతో నిండుగా ఒక చుట్టు తిప్పించారు. వీల్ కచ్చితంగా గుండ్రంగా ఉండదు కాబట్టి ఒక చోట సరిగ్గా ఉన్న బిగువు ఇంకో చోట పట్టేయవచ్చు. మోటారు చప్పుడు బరువెక్కిన చోట ఆపించి, బిగువును ఆ చోటికి సరిపడా సర్దారు. ఇలాంటి పనిని వీడియోలు చూసి నేర్చుకోవచ్చునని చాలామంది అంటారు. చప్పుడు విని బరువు పట్టుకునే చెవి మాత్రం దశాబ్దాల పనితోనే వస్తుందని నా నమ్మకం.

హైదరాబాద్‌లో గైడింగ్ చరిత్ర చాలా పాతది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, ప్రపంచ దేశాలు పంచుకున్న ఆకాశ ఫొటో పట్టికలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీని తీసుకుంది. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీశారు. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. అప్పుడు గైడ్ కెమెరా మనిషి కన్నే. ఐపీస్‌లోని దారపు గీతల మీద నక్షత్రాన్ని నిలబెట్టడానికి ఒకరు కదలకుండా కూర్చునేవారు. గేరులో ఖాళీ ఉంటే వాళ్ల చేతికే తెలిసిపోయేది. ఆ సంగతి మనకు చెప్పడానికి ఇప్పుడు గీత ఉంది, దాన్ని చదివే ఓపిక కావాలంతే.

వార్మ్ సర్దాక మళ్లీ చేనుకు వెళ్లినప్పుడు కాలిబ్రేషన్ కొత్తగా, ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా ఉన్న నక్షత్రంతో చేశాం. బరువులను తూర్పు వైపు పిసరంత ఎక్కువ మొగ్గేలా జరిపాం, ఆర్‌ఏ పళ్లు కూడా ఎప్పుడూ ఒకే వైపు ఆనుకుని ఉండడానికి. గైడ్ ఎక్స్‌పోజర్ మూడు సెకన్లకు పెంచాం, గాలి మిణుకుల వెంట మౌంట్ పరుగెత్తకుండా. సగటు తప్పు 0.7కు దిగింది. గీతలు రెండూ చక్కగా పడుకున్నాయి.

చుక్కలు మాత్రం ఇంకా కొద్దిగా కోలగానే ఉన్నాయి.

గీతలో తప్పు లేదు, ఫొటోలో ఉంది. ఈ రెండో చిక్కే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. వరసగా తీసిన ఫ్రేములను ఒకదాని తర్వాత ఒకటి వేగంగా తిప్పి చూస్తే, గుర్రపుతల గంటలో చాలా పిక్సెళ్లు ఒకే దిక్కుకు నెమ్మదిగా జరిగిపోతోంది. గైడ్ నక్షత్రం మాత్రం తన చోటు వదల్లేదు. గీత చెప్పేది చిన్న టెలిస్కోప్ చూసిన సంగతి. ఫొటో తీసేది పెద్దది. ఆ రెండింటి మధ్య ఎక్కడో కదలిక ఉంది.

చిన్న టెలిస్కోప్‌ను పట్టుకున్న రింగులకు చుట్టూ మూడేసి స్క్రూలు, వాటి మొనలకు ప్లాస్టిక్ తొడుగులు. టార్చి వేసి దగ్గరగా చూస్తే ఒక తొడుగు నొక్కుకుపోయి, గొట్టం మీద సన్నటి గీత పడి ఉంది. టెలిస్కోప్ వాలు మారేకొద్దీ గొట్టం ఆ మెత్తదనంలోకి కొంచెం కొంచెంగా దిగబడుతోంది. దానికి తోడు కెమెరా యూఎస్‌బీ కేబుల్ గాల్లో వేలాడుతూ ఒకవైపు లాగుతోంది.

కాక తన పాత షెడ్‌కు వెళ్లి అల్యూమినియం కడ్డీతో రెండు రింగులు లేత్ మీద చేసి ఇచ్చారు. ఒక పక్క చీల్చి, బోల్టు బిగిస్తే గొట్టాన్ని చుట్టూ సమంగా కరిచి పట్టుకునే రకం. కేబుల్‌ను ఇరుసు దగ్గర ఒక్కచోట కట్టి, అక్కడి నుంచి వదులుగా దింపాం. ఆ తర్వాత వెళ్లినప్పుడు ఐదు నిమిషాల ఫ్రేముల్లో అంచు నుంచి అంచు దాకా చుక్కలు గుండ్రంగా వచ్చాయి. గుర్రపుతల మెడ దగ్గరి సన్నటి పొగపోగులు విడివిడిగా కనబడ్డాయి. కాక దాన్ని పెద్దది చేయించుకుని, నెబ్యులాను వదిలేసి మూలనున్న ఒక చిన్న చుక్క గుండ్రాన్ని చాలాసేపు పరీక్షించారు.

ఇప్పుడు గైడింగ్ కుదరడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే నేను సెట్టింగులు అడగను. ఆదేశాలు ఆపి, వార్మ్ కనీసం రెండు చుట్లు తిరిగేదాకా నక్షత్రాన్ని వదిలేసి, ఆ లాగ్ పంపమంటాను. దాంతోపాటు వరసగా తీసిన ఫ్రేములు ఒక గంటవి. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాకే మాట్లాడుకుంటాం.