మైపాడు రోడ్డులో మారుతీ 800

మేస్త్రి డ్రైవర్ సీటు ముందున్న మ్యాటు లేపి, స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద తడుతూ పోయాడు. ఖంగుమని మోగినంత మేరా ఏమీ అనలేదు. క్లచ్ పెడల్ దగ్గరకొచ్చేసరికి మోత మొద్దుబారింది. స్క్రూడ్రైవర్ తిప్పిపట్టి మొన ఆనించి కాస్త ఒత్తాడు, సగం దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఆ బెజ్జంలోంచి కింద గుంతలో వెలుగుతున్న లైటు కనిపించింది.

"ఇంజన్ ఇంకో పదేళ్లు తిరుగుద్ది మాస్టారూ. పోయేది ఇదే" అన్నాడు.

నెల్లూరు మైపాడు గేటు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన ఉంది ఈ షెడ్డు. మాస్టారు రిటైరైన బడిపంతులు. ఆయన మారుతీ 800 ని 2010లో కొన్నారు. రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్లు నిండుతుండటంతో రెన్యువల్‌కు పెట్టాలి, అందుకు బండిని తనిఖీ చేయించాలి. పాత చిన్నకారు ఈ తనిఖీలో ఎంత ధైర్యంగా నిలబడుతుందో చూడాలని నేనూ వెంట వెళ్లాను.

2010 మోడల్ అంటే 800 కథలో చివరి అంకం. ఆ ఏడాది ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 నిబంధనలు వచ్చిన పదమూడు నగరాల్లో ఈ కారు అమ్మకం ఆపేశారు. వాటిలో హైదరాబాద్, చెన్నై రెండూ ఉన్నాయి. నెల్లూరు ఆ జాబితాలో లేదు కాబట్టి ఇక్కడ ఇంకా దొరికింది. 1983 డిసెంబరులో మొదలైన తయారీ 2014 జనవరిలో ముగిసింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, పన్నెండంగుళాల చక్రాలు. సామాను ఇప్పటికీ ప్రతి ఊళ్లో దొరుకుతుంది, విప్పి బిగించడం తెలియని మెకానిక్ ఉండడు. ఈ కారు తనిఖీలో గట్టెక్కడానికి సగం బలం అదేనని నా నమ్మకం.

ఇంజన్ సంగతి నిజంగానే తొందరగా తేలిపోయింది. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చి పొల్యూషన్ పరీక్ష చేయిస్తే, ఆ కాలపు పెట్రోలు కారుకు అనుమతించిన 0.5 శాతం కార్బన్ మోనాక్సైడ్, 750 పీపీఎం హైడ్రోకార్బన్ హద్దుల్లోనే ఉంది.

అసలు పని కింద మొదలైంది. మాస్టారి ఇంటికి ఒకవైపు సముద్రం, మిగిలిన వైపులా రొయ్యల గుంటలు. గుంటల్లో ఏరేటర్లు రాత్రంతా ఉప్పునీటిని చిమ్ముతూనే ఉంటాయి. ఆ తుంపర, సముద్రపు గాలి కలిసి రేకు మీద ఉప్పు పేరుస్తాయి. ఉప్పు గాలిలోని తేమను పీల్చి పట్టుకుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా ఇనుము తడిగానే ఉంటుంది. దానికి తోడు ఇంట్లో బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లతోనే వారం వారం బండి కడిగేవారు మాస్టారు. బండిని అంత శ్రద్ధగా చూసుకున్న మనిషికి ఈ మాట చెప్పడం మేస్త్రికి ఇబ్బందిగానే ఉంది. "ఆ కడగడం మానేసినా ఇంత తినుండేది కాదు. కాలవ నీళ్లో, వాన నీళ్లో పట్టి కడగండి" అన్నాడు నెమ్మదిగా. తలుపుల అడుగున నీళ్లు పోయే సన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉన్నాయి. తీగతో పొడిస్తే ఎర్రటి నీళ్లు కారాయి.

వెనక బ్రేకు లైటు వెలిగీ వెలగనట్టుంది. బల్బు మార్చినా అంతే. మేస్త్రి డిక్కీలో ఎర్త్ వైరు బిగించిన బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్ది, గ్రీజు పూసి బిగించాడు. లైటు కళ్లు చెదిరేలా వెలిగింది. తనిఖీలో చాలా బండ్లు వెనక్కి వచ్చేది ఇలాంటి చిన్న వాటికేనట. హ్యాండ్ బ్రేకుదీ అదే వరస. కేబుల్ తొడుగులోనే తుప్పుపట్టి బిగుసుకుంది, షూలు డ్రమ్ములకు అతుక్కున్నాయి. కేబుల్ కొత్తది వేశారు. ముసురు రోజుల్లో బండి కదలకుండా పెట్టాల్సొస్తే హ్యాండ్ బ్రేకు లాగకుండా, ఫస్ట్ గేర్లో ఉంచి చక్రం కింద రాయి పెట్టమన్నాడు.

రేకుకు మాత్రం దొడ్డిదారి ఉంది. ఫైబర్ మ్యాటు అంటించి, పైన నల్లటి పూత పూస్తే పైకి ఏమీ తెలియదు, ఖర్చు కూడా తక్కువ. మేస్త్రి ఒప్పుకోలేదు. మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆ తర్వాతే కింద పూత వేశాడు. సీటు బిగించిన చోటికి ఆ తుప్పు జానెడు దూరంలో ఉంది. గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఉంచాల్సిన చోటు అది. అక్కడ ఫైబర్ అంటించడం నా దృష్టిలో నేరమే.

ఇక తనిఖీ. ఫారం 25 నింపి, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు జతచేసి, బండిని తనిఖీ మైదానంలోకి తోలాం. ఈ పని రిజిస్ట్రేషన్ గడువుకు 60 రోజుల లోపు చేసుకోవాలి. ఫీజు 2022 ఏప్రిల్‌కు ముందు 600 రూపాయలు, ఆ తర్వాత 5 వేలు. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో ఇరవయ్యేళ్లు దాటిన కారుకు 10 వేలు చేశారు. దీనిపైన గ్రీన్ ట్యాక్స్ వేరే.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్ వేయించి చూశారు. టైర్లు తడిమారు. ముందుకు తోలించి బ్రేకు కొట్టించారు. బానెట్ లేపి, ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దారు. అంకెలన్నీ తేటగా పడ్డాయి. ఆ చోటికి మేస్త్రి ముందే గ్రీజు పూసి తుడిచి ఉంచాడు. తీరం బండ్లలో అంకెలు తుప్పు తినేస్తే అదొక పెద్ద తలనొప్పి. అరగంటలో ముగిసింది. ఇంకో ఐదేళ్లకు బండి పాసయింది.

మాస్టారు సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ మేస్త్రి కోసిన చోటుని ఎవరూ చూడలేదు. మైదానంలో గుంత లేదు, బండిని పైకెత్తే సాధనం లేదు. వంగి చూస్తే కనిపించేది ఎంత? ఆ రోజు బెజ్జంతోనే వెళ్లినా పాసయ్యేదనే అనుకుంటున్నాను.

బ్రిటన్‌లోనూ ఉప్పు గొడవే, చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. 1960లో మొదలైన వాళ్ల ఎంఓటీ పరీక్ష మొదట పదేళ్లు దాటిన బండ్లకే ఉండేది, ఇప్పుడు మూడేళ్లు నిండిన ప్రతి కారుకూ ఏటా చేస్తారు. బండిని పైకెత్తి, సీటు బెల్టూ సస్పెన్షనూ బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుకు బలం పోయిందేమో చూస్తారు, పోయి ఉంటే ఫెయిల్. మన దగ్గర ఇదే 800 టాక్సీ ప్లేటుతో తిరిగితే ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లాలి. ఓన్ బోర్డు అయితే పదిహేనేళ్ల దాకా అడిగేవాళ్లు లేరు. సముద్రం పక్కన ఆ పదిహేనేళ్లు చాలా ఎక్కువ.

2021 సెప్టెంబరులో కేంద్రం ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు నిబంధనలు తెచ్చింది. వాటిలో రోలర్ల మీద బ్రేకు కొలుస్తారు, జాయింట్ల వదులు యంత్రంతో చూస్తారు. మైపాడు, ముత్తుకూరు, ఇసకపల్లి వైపు బండ్లకు ఇవి అందరికంటే ముందు అవసరం. అవి వచ్చేలోగా తనిఖీ మైదానాల్లో సిమెంటు గుంత ఒకటి కట్టించవచ్చు. పెద్ద ఖర్చేం కాదు, రెండు చక్రాల నడుమ మనిషి దిగి నిలబడి, చేతిలో లైటు, స్క్రూడ్రైవర్ పట్టుకునేంత చోటు చాలు.