పది పుటల పఠనం

పెళ్ళయిన నాటి నుండి మేమిద్దరమూ ఎవరి పుస్తకం వారు మౌనంగా చదువుకొనేవారం. చూపు మందగించి అమ్మ పుస్తకాలు పక్కన పెట్టిన తరువాత మా ఇంట ఆ పద్ధతి మారింది. రాత్రి భోజనాలయ్యాక రోజుకు పది పుటలు ఒకరు బిగ్గరగా చదువుతారు, తక్కినవారు వింటారు. నైట్ షిఫ్టు వారంలో పఠనం సాయంత్రానికి మారుతుంది. ముందు పుటలు ఎవరూ రహస్యంగా తిప్పరాదన్నది అమ్మ పెట్టిన నియమం.

ఇటీవల రెండు నవలలు మమ్మల్ని కదిలించాయి. రచయితలిద్దరూ వైద్యులే కావడం విశేషం. మొదటిది డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. 1961లో చిన్న వయసులోనే కన్నుమూసిన ఆమెకు ఈ ఒక్క నవలే శాశ్వత కీర్తి తెచ్చింది. ఉద్యోగం చేసి తండ్రిని పోషించే ఇందిర దుడుకుతనం మాకు మింగుడుపడలేదు. అమ్మ మాత్రం, “ఇల్లు మోసే పిల్లకు ఆ మాత్రం నోరుండదా?” అని వాదానికి దిగింది. ఆమె అంత గట్టిగా మాట్లాడి నెలలయింది.

రెండవది డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన పందిని వెదుకుతూ అడవికి వెళ్ళిన ముసలివాని కథ. చిన్న పుస్తకమే అయినా మాకు వారానికి పైగా పట్టింది. ఆ అడవి చీకటిని మాకంటె అమ్మే స్పష్టంగా చూసిందనిపించింది.

చూపు అలసిన పెద్దలు మన క్వార్టర్లలో ఎందరో ఉన్నారు. రోజుకు పది పుటలు వారికి వినిపించండి. వారి మాటలు మీకూ వినిపిస్తాయి.