నాగలి లేని చాలు

మ్రగ్గిన అరటిపండ్లపై ముసరెడి చిన్న యీగలను చూడనివారుండరు. ఎవరైనను వాటిని చేతితో తోలివేయుదురే గాని, వాటి పుట్టుకను గూర్చి యోచింపరు. శాస్త్రజ్ఞులు మాత్రము డ్రోసోఫిలా అను ఈ యీగను నూఱేండ్లకు పైగా శ్రద్ధతో పరిశీలించుచున్నారు.

దీని గ్రుడ్డు పొడవు సుమారు అర మిల్లీమీటరు. అందు మొదట నుండునది ఒక్క కేంద్రకము. అది రెండై, రెండు నాలుగై, 13 పర్యాయములు విభజనము జరుగగా, సుమారు 6,000 కేంద్రకములు గ్రుడ్డు అంచున బారులు తీరును. అప్పటికి వాటి నడుమ గోడలుండవు. మూడవ గంటకు పైపొర లోనికి చొచ్చి ఒక్కొక్కదానిని చుట్టివేయును. అప్పుడు అవి కణములగును.

పిమ్మట పిండము అడుగువైపున సుమారు వేయి కణములు రూపు మార్చుకొనును. మయోసిన్ అను ప్రోటీను, సంచిమూతి త్రాడు బిగించినట్లు, ప్రతి కణము యొక్క వెలుపలి కొనను ముడుచును. స్తంభమువలె నున్న కణము వెలుపల సన్నగను, లోపల లావుగను అగును. అన్నియు నిట్లు చేయగా ఆ పొర వంగి, నాగేటి చాలువలె లోనికి దిగును. లోనికేగిన కణములు వ్యాపించి కండరములు మొదలగువానిని నిర్మించును. రాబోవు తరమునకు బీజములు కావలసిన కణములు వెనుక కొననుండి పయనమై, పేగు గోడను దాటి, తమ నెలవు చేరుకొనును. ఒక దినములో గ్రుడ్డునుండి పురుగు వెలువడును.

జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరమున క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్హార్డ్, ఎరిక్ వీషాస్ అనువారు పిండరూపమును శాసించు జన్యువులను వెదకి, 1980లో తమ పరిశోధనను ప్రకటించిరి. 1995లో వారికి ఎడ్వర్డ్ లూయిస్‌తోపాటు నోబెల్ బహుమానము లభించినది. స్నెయిల్, ట్విస్ట్ అను జన్యువులు చెడినచో చాలు సరిగా నేర్పడదు. ఆ పిండము బ్రదుకదు.

ఈ జన్యువులకు దాయాదులు మనుష్యులందును గలవు. గర్భస్థ శిశువు రూపొందుటకు అవి తోడ్పడును. క్యాన్సరు కణములందు అవియే మరల మేల్కొన్నచో, ఆ కణములు పుట్టినచోటు విడిచి దేహమున వ్యాపించుటకు సాయపడును. కదలుటయందు దోషము లేదు; వేళ తప్పి కదలుటయే ముప్పు.

ఆ చాలు దున్నుటకు నాగలి లేదు. దున్నించు ఆసామియు లేడు. ఏ కణమునకును దేహమంతయు తెలియదు. తన పని తాను చేయుచు, ఇరుగుపొరుగుల పట్టు విడువకుండుటయే దానికి తెలియును. ఈగను తోలెడి ఆ చేయియు, ఒకనాడు కణములు ఇట్లే రూపు మార్చి, చోటు మార్చి నిర్మించినదే.