మర్రికి లేని మారుపేరు

నిర్మల్ అనగానే కొయ్యబొమ్మలే గుర్తొస్తాయి. ఊళ్లోకి అడుగుపెట్టిన వారిని ముందుగా పలకరించేవి మాత్రం కోట బురుజులు. నాగ్‌పూర్ రహదారి పక్కన ఠీవిగా నిలిచిన శ్యామ్‌గఢ్ ఫ్రెంచి ఇంజినీర్ల పనితనమని చెబుతారు.

1948 సెప్టెంబరు దాకా ఇదంతా నిజాం రాజ్యం. ఆ నెల 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. దాడి పథకం మొదట జనరల్ గొడార్డ్ పేరుతో నడిచింది. తర్వాత రహస్యంగా ‘ఆపరేషన్ పోలో’ అయింది. హైదరాబాద్‌లో 17 పోలో మైదానాలు ఉండేవనీ, అందుకే ఆ పేరనీ అంటారు. షోలాపూర్ వైపు నుంచి కదిలిన దళాలకు ‘స్ట్రైక్’, ‘స్మాష్’, ‘కిల్’, ‘వీర్’ అని పేర్లు పెట్టారు.

లోకానికి చెప్పింది మాత్రం ‘పోలీసు చర్య’ అని! అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. సంస్థానమంతటా అప్పుడూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా వెలుగు చూడలేదు.

నిర్మల్‌లోనే మరో పేరుంది. 1860లో రాంజీ గోండునూ అనుచరులనూ ఉరితీసిన చెట్టును జనం ‘వెయ్యి ఉరుల మర్రి’ అన్నారు. మర్రి కూలిపోయింది. దాపరికం లేని ఆ పేరు మాత్రం నిలిచే ఉంది.